నీళ్లు పోయే తొవ్వ

గోదావరిఖని గంగానగర్‌లో ఒక తండ్రీ కొడుకూ ఉండేవారు. తండ్రి సింగరేణి భూగర్భ గనిలో పంపు ఆపరేటర్‌గా పనిచేసి దిగిపోయినవాడు. కొడుకు గని వైపు పోలేదు. ఎన్టీపీసీ బూడిద, ఇటుక బట్టీల మట్టి తోలే మూడు టిప్పర్లు నడుపుకుంటున్నాడు.

తండ్రి చేసిన పని బయటికి కనిపించేది కాదు. తీసిన బొగ్గు లెక్క అందరికీ తెలుస్తుంది. తోడిన నీళ్ల లెక్క పంపు దగ్గరి లాగ్‌బుక్‌లోనే ఉండిపోతుంది. అయినా గని నిలబడేది ఆ లెక్క మీదే. భూమి పొరల్లోంచి ఊరే నీరు ఆదివారం అనదు, దసరా అనదు. బొగ్గు తీయని రోజున కూడా పంపు నడవాలి, ఫ్యాను తిరగాలి. షిఫ్టు ఎక్కగానే ఆయన మొదట చూసేది సంపులో నీటి మట్టం, తర్వాత ఫుట్‌వాల్వ్ జాలీ. బురదా బొగ్గుపొడీ జాలీకి పట్టేస్తే మోటారు ఎంత పెద్దదైనా ఉత్త గాలి గుంజుతుంది, నీటిని ఎత్తదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి పాత పనుల్లో నిలిచిన నీళ్లు ఒక్కసారిగా దూసుకొచ్చి 17 మంది కార్మికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ తర్వాత నిలిచిన నీటిని ఆయన ఎన్నడూ తేలిగ్గా చూడలేదు.

ఒక దసరా ముందు కొడుకు హైదరాబాద్ నుంచి పోర్షె బాక్స్‌స్టర్ ఎస్ కొని తెచ్చుకున్నాడు. 2007 మోడల్, ఎర్ర రంగు, రెండే సీట్లు, పైన గుడ్డ టాపు. మీట నొక్కితే 12 సెకన్లలో టాపు మడుచుకుని వెనక్కి పోతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగం దాకా, బండి నడుస్తుండగానే దాన్ని తెరవొచ్చు, మూయొచ్చు. ఇంజిను ముందు బానెట్ కింద ఉండదు, సీట్ల వెనక ఉంటుంది. 3.4 లీటర్లు, ఆరు సిలిండర్లు, 295 హార్స్‌పవర్. ఫైవ్ ఇంక్లైన్ చౌరస్తాలో ఆగితే చుట్టూ ఆటోలూ స్కూటర్లూ ఆగి చూశాయి.

కొత్తగా కొన్నాయన పెట్టినదాంట్లో నాలుగో వంతుకే బండి చేతికొచ్చింది. కొడుకు సంబురమంతా ఆ లెక్కలోనే ఉంది.

కొనే రోజున హైదరాబాద్‌లో ఒక ముసలి మేస్త్రీ బండిని లిఫ్టు మీదికెత్తి, టార్చిలైటుతో అడుగంతా చూసి కిందికి దింపాడు. "అన్నా, బండి మంచిదే. కానీ ఒక్క మాట చెవిన పెట్టుకో. బండి రేటు తగ్గింది గానీ స్పేర్ల రేటు తగ్గలే. ఇది పాతబండని దీని టైరుకు తెల్వదు, వాటర్ పంపుకు తెల్వదు. కొన్న పైసల్ల మూడో వంతు పక్కకు పెట్టుకున్నంకనే తీస్కపో" అన్నాడు. కొడుకు దగ్గర ఉన్నదంతా బండికే అయిపోయింది. సరే సరే అని తాళాలు తీసుకున్నాడు.

ఇంటి ముందర ఆపగానే తండ్రి చుట్టూ తిరిగి చూశాడు. "దీని సర్వీసు కాయితాలు ఏవి బిడ్డా?"

"నేను మూడో ఓనర్‌ను బాపు. కాయితాలు మొదటాయన దగ్గర్నే ఉండిపోయినయట. అయినా ఇన్నేండ్లల్ల ముప్పై వేల కిలోమీటర్లు కూడా తిరగలే. తిరగని బండి కొత్తదే కదా."

"నడిపినకొద్దీ పంపు అరుగుతది, నిజమే. నడపకపోతే మాత్రం సీళ్లు ఎండుతయ్, షాఫ్టు పట్టేస్తది. తిరగలేదంటే నిలబడ్డదని కదరా. నిలబడ్డన్ని రోజులు ఎవరన్న చూసుకున్నరా లేదా, అది అడిగినవా?"

కొడుకు అడగలేదు.

చలికాలం హాయిగా గడిచింది. తెల్లవారి మంచు విడిచే వేళ టాపు తీసి గోదావరి బ్రిడ్జి దాకా పోయి వచ్చేవాడు. ఆకాశం నెత్తి మీద, ఇంజిను చప్పుడు వీపు వెనక. ఒకసారి తండ్రిని పక్కన కూర్చోబెట్టుకుని తీసుకుపోయాడు. జీవితమంతా నేల కింద పనిచేసిన మనిషి గాలి ముఖానికి కొడుతుంటే కళ్లు చిట్లించి నవ్వాడు. ఆ బండి ఇచ్చే ఆనందం ఉత్తది కాదు. మనిషి చేతి పనితనం ఎక్కడి దాకా పోగలదో చూపించే యంత్రం అది. అంత మంచి యంత్రాన్ని అంత మంచిగా చూసుకోవాలన్నదే అందులో ఉన్న చిక్కు.

ఎండకాలం వచ్చింది. రామగుండం ఎండ 45 డిగ్రీలు దాటే చోట, దుమ్మూ బూడిదా బొగ్గుపొడీ కలిసి ఎగిరే చోట, బాక్స్‌స్టర్‌కు మొదట ఊపిరి ఆడలేదు. దాని రేడియేటర్లు ముందు బంపర్ రెండు మూలల్లో నేలకు దగ్గరగా ఉంటాయి, వాటి ముందు ఏసీ కండెన్సర్లు. గాలి లోపలికి తీసుకునే ఆ నోళ్లలోకే ఆకులూ దుమ్మూ పోయి, కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ నడుమ పేరుకుంటాయి. తడిస్తే ఆ చెత్త అల్యూమినియం రెక్కల్ని తినేస్తుంది. ఏసీ చల్లదనం తగ్గింది, ముల్లు వేడి వైపు ఎక్కసాగింది. ఊళ్లో ఏసీ మెకానిక్ చూసి, "బంపర్ ఊడదీసి శుభ్రం చెయ్యాలన్నా, పూట పని" అన్నాడు.

"ఇప్పుడు కాదు, బూడిద బిల్లు వచ్చినంక చూద్దాం" అన్నాడు కొడుకు.

బిల్లు వచ్చింది. ఆ డబ్బుతో బండికి మెరుపు కోటింగు చేయించాడు, చక్రాలకు కొత్త రంగు వేయించాడు, పాటల పెట్టె మార్పించాడు. కనబడేదంతా కొత్తదయింది. కనబడనిది అట్లాగే ఉంది. టైర్ల గోడ మీద తయారైన వారమూ సంవత్సరమూ నాలుగంకెల్లో అచ్చయి ఉంటాయి. తండ్రి కళ్లద్దాలు పెట్టుకుని చదివితే అవి తొమ్మిదేళ్ల కిందటివి. గాళ్లు లోతుగానే ఉన్నాయి, రబ్బరు మాత్రం గోరు దిగనంత గట్టిపడింది. ముందువి 235, వెనకవి 265 కొలత, కాబట్టి వాటిని ముందుకూ వెనక్కూ మార్చి వాడుకునే వీలు లేదు. స్టెప్నీ కూడా ఉండదు, పంక్చర్ పూడ్చే సీలెంట్ సీసా ఒకటిస్తారు. ఆ సీసాకూ గడువు దాటిపోయింది.

ఆ నెలలోనే టిప్పర్ డ్రైవరు ఒకతను ఇంటికొచ్చాడు. "అన్నా, పాత టిప్పర్‌కు వెనక బ్రేకు లైనింగులు అయిపోయినయ్. గాలి కూడ నిలుస్తలేదు."

"ఈ నెల చెయ్యి బిగుసుకుపోయింది. మెల్లగ తోలు, వచ్చే నెల వేపిస్త."

లోపల మంచం మీద కూర్చున్న తండ్రికి ఆ మాట వినబడింది.

వానకాలం మొదటి పెద్ద ముసురు మూడు రోజులు విడవలేదు. బండి ఇంటి ముందు వేపచెట్టు కింద ఉంది. నాలుగో నాడు తాళం చెవి మీట నొక్కితే తలుపు పలకలేదు. చెవిని తాళంలో పెట్టి తిప్పి తలుపు తెరిస్తే ముక్కిన వాసన గుప్పున కొట్టింది. కార్పెట్ మీద కాలు పెట్టగానే నీళ్లు చెప్పుల మీదికి వచ్చాయి. బ్యాటరీ చచ్చిపోయింది. బ్యాటరీ ముందు డిక్కీలో ఉంటుంది. ఆ డిక్కీ గొళ్లెం కరెంటుతో తెరుచుకునేది. బ్యాటరీ లేక డిక్కీ తెరుచుకోదు, డిక్కీ తెరవక బ్యాటరీ అందదు. కొడుకు బండి పక్కన కూలబడ్డాడు.

ఊరి ఎలక్ట్రీషియన్ తెలివైనవాడు. ఫ్యూజు పెట్టె మూత తీసి, అందులోంచి బయటికి లాగే చిన్న టెర్మినల్ ఒకటి కనిపెట్టి, దానికి వేరే బ్యాటరీ పాజిటివ్ తీగ కలిపాడు. గొళ్లెం టక్కున విడిచింది. ఇట్లాంటి రోజు వస్తుందని ఎరిగే కంపెనీ ఆ తొవ్వ పెట్టింది. బండి కొన్నవాడికే అది తెలియలేదు.

తండ్రి ఆ గొడవలో లేడు. ఆయన నీళ్ల వెంట పోతున్నాడు. నీళ్లు పైనుంచి కారలేదు, గుడ్డ ఎక్కడా చిరగలేదు. మరి ఎటు నుంచి వచ్చాయి? టాపును సగం ఎత్తించి, అది మడుచుకుని కూర్చునే గుంతలోకి వేళ్లు పెట్టి తడిమాడు. గుంతకు రెండు పక్కలా కీళ్ల దగ్గర ఒక్కో చిన్న బెజ్జం ఉంది. టాపు మీద పడ్డ వాన అక్కడికి చేరి, ఆ బెజ్జంలోంచి గొట్టం గుండా నేల మీదికి పోవాలి. ఎడమ బెజ్జంలో వేలు దిగలేదు. ఆయన సన్నటి నైలాన్ తీగ తెప్పించి, కొస మొద్దుగా కాల్చి, గొట్టానికి గాయం కాకుండా మెల్లగా తిప్పుతూ దించాడు. తీగ ఒకచోట ఆగింది. వెనక్కి తీసి మళ్లీ దించాడు. నల్లటి ముద్ద ఒకటి బయటికొచ్చింది. వేపాకు, బొగ్గుపొడి, బూడిద కలిసి గట్టిపడిన ముద్ద, గోళీకాయ అంత. వెంటనే గొట్టంలో నీళ్లు బుడబుడమని దిగి చక్రం వెనక నేల మీద పడ్డాయి.

తండ్రి ఆ ముద్దను కొడుకు అరచేతిలో పెట్టాడు. "నా సర్వీసు మొత్తం జాలీకి పట్టింది గిదే బిడ్డా. వానలకు ముందు ఒకసారి ఈ బెజ్జం చూసుకుంటే అయిపోయేది."

సీటు కింద ఉండే ఎలక్ట్రానిక్ పెట్టె ఆ నీళ్లలో నానిపోయింది. ఇంజిను స్టార్టు కావడానికి ఒప్పుకునేది ఆ పెట్టె. బండిని ఫ్లాట్‌బెడ్ లారీ మీద రాజీవ్ రహదారి గుండా హైదరాబాద్ పంపాల్సి వచ్చింది. తండ్రీ కొడుకూ వెంట పోయారు.

మేస్త్రీ బండిని లిఫ్టు మీదికెత్తి ఒక్కొక్కటీ చూపించాడు. తడిసిన పెట్టె. లోపలే పాడైన రేడియేటరు. రంగు మారి, వెంట్రుకంత పగులు తేలిన కూలెంట్ ట్యాంకు. కారడం మొదలుపెట్టిన వాటర్ పంపు. నెర్రెలిచ్చిన ఇగ్నిషన్ కాయిళ్లు. ఎండిన సస్పెన్షన్ బుష్షులు. టాపును గుంజి పట్టే తీగల్లో ఒకటి తెగడానికి సిద్ధంగా ఉంది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది, అప్పటి రబ్బరు గొట్టాలు దానికోసం చేసినవి కావు, వాటిమీదా కన్నుండాలన్నాడు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి బండి తిరిగినా తిరగకపోయినా రెండేళ్లకోసారి మార్చాలి. ఇంజిను ఆయిలు ఏటా ఒకసారి, ఎనిమిది లీటర్లకు పైగా పడుతుంది.

తర్వాత ఆయిలు ఫిల్టర్ విప్పి, కాగితం మడతల్ని ఒక్కొక్కటిగా తెరిచి దీపం కింద పెట్టాడు. "2008 మోడల్ దాకా వచ్చిన బాక్స్‌స్టర్ ఇంజిన్లల్ల నడిమి షాఫ్టుకు ఒక బేరింగ్ ఉంటది. 2009 నుంచి ఇంజినే మార్చిండ్రు. నీ బండిది పెద్ద బేరింగే, తొందరగ పోదు. పోతే మాత్రం ఇంజిను మొత్తం పోతది. అది ముందుగాల చెప్పేది ఈ మడతలల్లనే, మెరిసే పొడి రూపంల." మడతలు శుభ్రంగా ఉన్నాయి. మేస్త్రీ ముఖం తేటపడింది. "గుండె బాగుంది అన్నా. చుట్టూ ఉన్నయే ఆకలితోని ఉన్నయ్."

అంచనా కాగితం చేతికిచ్చాడు. బండి కొన్న ధరలో సగానికి దగ్గరగా ఉంది. బీమా వాళ్లను అడిగితే, వాడకంలో అరిగినదానికీ వయసుకు చెడినదానికీ పాలసీ వర్తించదన్నారు.

"మోసపోయిన బాపు" అన్నాడు కొడుకు.

"ఎవరు చేసిండ్రు మోసం? మేస్త్రీ కొన్ననాడే చెప్పిండు. ఎండకాలం ముల్లు చెప్పింది. టైరు మీద తారీఖు రాసే ఉంది. బండి నీతోని ఒక్క అబద్ధం ఆడలే."

తడిసిన ఎలక్ట్రానిక్ పెట్టె ఒక్కటే మార్పించి, బండి నడిచేలా చేయించుకుని ఇంటికి తెచ్చారు. కొడుకు మనసులో ఇప్పుడు వేరే లెక్క తిరుగుతోంది. వీధి చివర ఒక పిల్లగాడు ఉన్నాడు. వాడి తండ్రి మెడికల్ అన్‌ఫిట్ అయితే కారుణ్య నియామకంలో సింగరేణిలో కొత్తగా ఉద్యోగం వచ్చింది. వాడికి ఆ ఎర్ర బండంటే పిచ్చి. "అన్నా, అమ్మేదుంటే నాకే చెప్పు, లోన్ తీస్త" అని చాలాసార్లు అన్నాడు. కార్పెట్ ఆరబెట్టి, అత్తరు కొట్టి, తళతళా తుడిచి ఇచ్చేస్తే తన డబ్బు తనకొస్తుంది. పగిలే ట్యాంకూ తెగే తీగా వాడి ఇంట్లో పగులుతాయి, తెగుతాయి.

పిల్లగాడు డబ్బు మాట్లాడడానికి వస్తానన్న పొద్దునే పాత టిప్పర్ డ్రైవర్ ఫోన్ చేశాడు. దిగుడు రోడ్డు మీద బ్రేకు పట్టలేదు. ముందు స్కూలు ఆటో ఉంటే బండిని పక్కనున్న మట్టికుప్పలోకి ఎక్కించాడు. ఎవరికీ ఏమీ కాలేదు. డ్రైవర్ గొంతు మాత్రం వణుకుతోంది.

కొడుకు పోయి చూసి వచ్చేసరికి తండ్రి గుమ్మంలో ఉన్నాడు. కోపం లేదు, నెమ్మదిగానే అన్నాడు: "కారు ఆగిపోతే నువ్వు ఆగిపోతవ్, గంతే. టిప్పర్ ఆగకపోతే ఎవరి పిల్లలో పోతరు. బ్రేకుల పైసలు మెరుపుకు పెట్టినవ్. ఇప్పుడు నీ తప్పు ఆ పిల్లగాని నెత్తిన పెడుతనంటున్నవ్. గనిల మేం షిఫ్టు దిగేటప్పుడు వచ్చేటోనికి ఉన్నది ఉన్నట్టు చెప్పి పోతం. ఏ పంపు ఆగింది, ఎక్కడ నీళ్లు పెరిగినయ్, ఏ జాలీ తియ్యలే, అన్ని రాసి సంతకం పెట్టి పోతం. దాచిపెట్టి పోయినోన్ని మనిషి కింద లెక్కపెట్టరు."

కొడుకు లోపలికి పోయి ఒక నోటుపుస్తకం తీశాడు. మేస్త్రీ చెప్పిందంతా వరుసగా రాశాడు. చేసింది ఒక పక్క, చేయాల్సింది ఇంకో పక్క, ఒక్కోదానికి అయ్యే ఖర్చు దాని ఎదురుగా. పిల్లగాడు వస్తే బండి తాళం కంటే ముందు ఆ పుస్తకం ఇచ్చాడు. "చదువు తమ్మీ. పదిహేనేండ్లు దాటిన బండి, ఐదేండ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి ఆర్సీ రెన్యువల్ చేయించుకోవాలె, గ్రీన్ ట్యాక్స్ కట్టాలె. గివన్ని అయినంక కూడా నెలనెలా ఇంత పక్కకు పెట్టకపోతే ఇది నిలబడది. నీ జీతం లోన్‌కే పోతే దీన్ని దేనితోని నిలబెడుతవ్?"

పిల్లగాడు మొత్తం చదివాడు. కాసేపు బండి వైపు చూసి, పుస్తకం మూసి తిరిగిచ్చాడు. "చెప్పకపోతే కొనేటోన్నే అన్నా" అన్నాడు.

కొడుకు ముందు మూడు టిప్పర్ల బ్రేకులు బాగు చేయించాడు. అందుకు తీసుకున్న అప్పు తీరాక, బాక్స్‌స్టర్‌కు రేడియేటరూ వాటర్ పంపూ టైర్లూ వేయించాడు. మిగిలినవి చేయించే స్తోమత తనకు లేదని ఒప్పుకుని, నోటుపుస్తకంతో సహా హైదరాబాద్‌లో ఒకాయనకు అమ్మాడు. ఆయనకు కప్పున్న గ్యారేజీ ఉంది, ఇట్లాంటి బండ్లు చూసుకునే ఓపికా డబ్బూ ఉన్నాయి. కొన్నదానికంటే చాలా తక్కువే వచ్చింది. నష్టం నష్టమే. అయితే ఆ నష్టాన్ని కొడుకు ఎవరి నెత్తినా పెట్టలేదు. బండి కూడా దాన్ని నిలబెట్టగల చేతుల్లోకే పోయింది.

నీతి: కొనే స్తోమత వేరు, నిలుపుకునే స్తోమత వేరు. రెండోది ఉన్నవాడే సొంతదారుడు.

వయసు మీద పడ్డ గొప్ప వస్తువు చౌకగా దొరుకుతుంది. దాని అవసరాలు మాత్రం గొప్పవిగానే ఉంటాయి. కాబట్టి అది ఎంతకు వస్తుందని అడగడంతో ఆగకుండా, ఏడాదికి ఎంత అడుగుతుందో తెలుసుకుని బేరానికి కూర్చోవాలి. మన బొగ్గు ఊళ్లలో ఈ మాట మరీ అవసరం. దసరా ముందు లాభాల వాటా, దీపావళికి బోనస్, దిగిపోయిన నాడు గ్రాట్యుటీ, ఇవన్నీ ఒక్కసారిగా చేతిలో పడతాయి. ఒక్కసారిగా వచ్చిన డబ్బుతో కొన్న వస్తువు నెలనెలా అడుగుతుంది. ఆ నెల డబ్బు లేనినాడు అది ఇంట్లో మరొకరి అవసరాన్ని తినడం మొదలుపెడుతుంది. ఈ కథలో తిన్నది టిప్పర్ బ్రేకుల్ని. ఇంకో ఇంట్లో పిల్లల ఫీజు కావొచ్చు, తల్లి మందులు కావొచ్చు.

అరగడం వస్తువు తప్పు కాదు. అరుగుతున్నదని తెలిసీ వాయిదా వేయడం మన తప్పు. తెలిసినదాన్ని దాచి ఇంకొకరికి అంటగట్టడం పాపం. చేతనైనంతే తెచ్చుకోవాలి. తెచ్చుకున్నదాని కనబడని చోట్లను వానలకు ముందే చూసుకోవాలి. పది రూపాయలుంటే ముందు పెట్టాల్సింది మనిషి ప్రాణం ఆధారపడ్డ దానికి, మెరుపు సంగతి ఆ తర్వాత. వదులుకోవాల్సి వస్తే ఉన్నది ఉన్నట్టు రాసిచ్చి వదులుకోవాలి. మన తర్వాతి షిఫ్టులో దిగేవాడికి మనం బాకీ ఉన్నది అదే.